రాచపుండు: పస్తులు, పథ్యములు, పసరు మందులు

(దివిసీమ గ్రామములలో ఆరోగ్య ప్రచార సందర్భమున మేము చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణానది సముద్రమును చేరు ఈ చివరి గడ్డపై నివసించు మనకు అన్నమునకు కొదువ లేదు. ఉపవాసములకును కొదువ లేదు. ఏకాదశినాడు, కార్తిక సోమవారమునాడు మన ఇండ్లలో పెద్దలు పస్తుందురు. నాగుల చవితినాడు ఉపవాసముండి పుట్టలో పాలు పోయు తల్లులు ప్రతి గ్రామమునను కలరు. మచిలీపట్నమున ముస్లిము సోదరులు రంజాను మాసమంతయు పగటివేళ మంచినీరైనను ముట్టరు. క్రైస్తవ సోదరులు ఈస్టరు పండుగకు ముందు శ్రమకాలమున నలువది దినములు నియమముతో గడపుదురు. ఇక జ్వరము తగిలినచో "లంఖణము పరమౌషధము" అను మాట మన నోట ఎల్లప్పుడును సిద్ధముగా నుండును.

ఈ ఆచారములను విమర్శించుటకు మేము రాలేదు. భక్తితో చేయు ఉపవాసము మనస్సునకు నిగ్రహమును నేర్పును. ఆరోగ్యవంతునకు ఒకనాటి పస్తు వలన కీడు లేదు. కాని ఇటీవల ఆ సామెత తన హద్దు దాటి, మన పూర్వులు రాచపుండు అనియు, నేడు మనము క్యాన్సరు అనియు పిలుచు వ్యాధికి గూడ చికిత్సగా ప్రచారమగుచున్నది. అన్నము మానినచో వ్యాధి ఆకలితో మాడి చచ్చునని ఒకరు, చక్కెర మానినచో గడ్డ కరగునని మరియొకరు, లక్ష్మణఫలము ఆకుల కషాయము చాలునని వేరొకరు సెల్ ఫోనులలో చెప్పుచున్నారు. దీనికి తోడు, "కత్తి తగిలినచో రాచపుండు పాకును" అను పాత భయము ఒకటి ఉండనే ఉన్నది. ఈ మాటలలో నిజమెంత, కానిదెంత అని మీతో కలిసి ఆలోచించుటయే నేటి మా ప్రసంగ విషయము.

ముందుగా ఈ వ్యాధి స్వభావమును తెలిసికొందము. మన దేహము కోట్లకొలది జీవకణములతో నిర్మితమైనది. ప్రతి కణమును తన అవసరము మేరకు పెరుగును. తన కాలము తీరినపుడు నశించును. ఏదో ఒక కణములో ఈ కట్టుబాటు చెడి, అది హద్దు లేక పెరిగి, ప్రక్క భాగములలోనికి చొచ్చుకొనిపోయి, రక్తము ద్వారా దూరపు అవయవములకు వ్యాపించుటయే క్యాన్సరు. ఇది బయటినుండి వచ్చిన పురుగు కాదు. మన శరీరములోని కణమే దారి తప్పినది.

రైతు సోదరులకు దీనిని తెలుపుటకు వరిచేనిలోని ఊద చాలును. మొలకగా నున్నపుడు అది వరివలెనే కనిపించును. వరి త్రాగు నీరే త్రాగును. వరికి వేసిన ఎరువే తినును. వరికంటె వేగముగా పెరుగును. ఊదను చంపవలెనని చేనికి నీరు ఆపివేసి, ఎరువు మానివేయు రైతు ఈ డెల్టాలో ఒక్కడైన కలడా? అట్లు చేసినచో ముందు ఎండునది వరి, మొండిది ఊద. కావున రైతు కలుపు తీయును. అవసరమైనచో కలుపు మందు చల్లును. చేనికి మాత్రము నీరు, ఎరువు తక్కువ కాకుండ చూచుకొనును. క్యాన్సరు వైద్యమును ఇట్టిదే. శస్త్రచికిత్స కలుపు తీయుట. కిరణ చికిత్స, కీమోథెరపీ మందులు కలుపును చంపుట. పుష్టికరమైన ఆహారము చేనిని నిలుపుట.

పస్తుతో వ్యాధిని మాడ్చవచ్చునను ఊహ పూర్తిగా గాలిలో పుట్టినది కాదు. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బుర్గ్ క్యాన్సరు కణములు సామాన్య కణములకంటె హెచ్చుగా చక్కెరను వినియోగించునని 1920 ప్రాంతపు సంవత్సరములలోనే కనుగొనెను. ఆ పరిశీలన నిజమైనదే. దానినుండి "చక్కెర మానినచో క్యాన్సరు మానును" అను నిర్ణయము మాత్రము సరికాదు. మనము తినుట మానినను శరీరము రక్తములో చక్కెరను అడుగంటనీయదు. మెదడునకు అది ప్రాణాధారము. అందుచే కాలేయము తన నిలువనుండి చక్కెరను తీసి ఇచ్చును. ఆ నిలువ తీరినపుడు కండరములలోని మాంసకృత్తులను కరగించి చక్కెరను తయారు చేయును. అనగా పస్తున్న రోగి కండలు కరగి క్యాన్సరునకు మేత అగుచున్నవి. పస్తు లేకున్నను ఈ వ్యాధియే మనిషిని చిక్కిపోవునట్లు చేయును. ఆ శోషకు మనము చేతులార పస్తును జోడించుట మునిగిపోవు పడవలో నీరు పోయుట వంటిది.

2016వ సంవత్సరమున జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమీ గారికి నోబెల్ బహుమతి వచ్చినది. జీవకణములు తమలోని పాత భాగములను తామే జీర్ణించుకొని తిరిగి వాడుకొను విధానమును ఆయన ఈస్టు కణములలో పరిశోధించి తెలిపెను. "పస్తుంటే క్యాన్సరు నయమగునని నోబెల్ బహుమతి ఇచ్చినారు" అని మన సెల్ ఫోనులలో తిరుగుచున్న వార్తకు మూలము ఇదియే. ఆయనకు బహుమతి వచ్చినది ఆ కణ విధానమును కనుగొన్నందులకు. క్యాన్సరునకు ఉపవాస చికిత్సను కనిపెట్టినందులకు కాదు. అంతియే గాక, బాగుగా ముదిరిన క్యాన్సరు కణములు ఆహారము కొరతపడినపుడు బ్రతికి బయటపడుటకు ఇదే విధానమును వినియోగించుకొనగలవని తరువాతి పరిశోధనలు తెలిపినవి. కీమోథెరపీ దినములలో స్వల్పకాలము మితాహారము తీసికొనుట వలన మేలు కలుగునా అని నిపుణులు వైద్యశాలలలో పరీక్షించుచున్నారు. అది వైద్యుని కన్నుల ఎదుట, చికిత్సతో పాటు జరుగు పరిశోధన. చికిత్సకు బదులుగా ఇంటిలో చేయు పస్తుతో దానిని పోల్చరాదు.

మన ఆయుర్వేదము పస్తును సమర్థించుట లేదా అని మీరు అడుగవచ్చును. సమర్థించుచున్నది, కాని దేనికి, ఎవరికి అని హద్దు గీసి సమర్థించుచున్నది. చరక సంహిత ఆరు విధములైన చికిత్సా క్రమములను చెప్పినది. వానిలో మొదటిది లంఘనము, రెండవది బృంహణము. లంఘనమనగా శరీరమును తేలిక చేయుట. బృంహణమనగా శరీరమునకు పుష్టి కలిగించుట. చిక్కి శల్యమైన రోగికి చెప్పినది బృంహణమే. మన సామెత మొదటి మాటను నిలుపుకొని రెండవ మాటను మరచినది. అజీర్ణము చేసినవానికి లంఖణము ఔషధము కావచ్చును. నెలకు నాలుగు కిలోలు తగ్గిపోవుచున్న రోగికి అది ఔషధము కాదు.

ఉపవాసమును గురించి మాటలాడునపుడు మహాత్మాగాంధీ గారిని తలపకుండ ఉండలేము. ప్రకృతి చికిత్సయందు ఆయనకు గల నమ్మకము లోకవిదితము. 1924 సెప్టెంబరు నెలలో హిందూ ముస్లిముల ఐక్యము కొరకు ఢిల్లీలో ఆయన 21 దినములు నిరాహారముగా నుండిరి. అదే సంవత్సరము జనవరిలో ఆయనకు అపెండిసైటిస్ వచ్చి ప్రాణాపాయము సంభవించినపుడు మాత్రము పూనా సాసూన్ వైద్యశాలలో శస్త్రచికిత్సకు అంగీకరించిరి. ఆ ఉపవాసము ఆత్మశుద్ధి కొరకు. ఆ శస్త్రచికిత్స ప్రాణరక్షణ కొరకు. రెండింటికిని తగు తావు ఉన్నదని ఆ ఒక్క సంవత్సరమే మనకు తెలుపుచున్నది.

ఇక రోగి ఏమి తినవలెను? ఐరోపా పోషణ వైద్య నిపుణుల సంఘము క్యాన్సరు రోగులకు దేహపు బరువులో ప్రతి కిలోకును దినమునకు 1 గ్రామునకు తక్కువ కాకుండ, వీలైనచో 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు అందవలెనని చెప్పుచున్నది. అనగా 50 కిలోల బరువుగల స్త్రీకి దినమునకు 50 నుండి 75 గ్రాములు. దీనికి ఖరీదైన డబ్బా పొడులు అక్కరలేదు. రెండు గ్రుడ్లలో సుమారు 12 గ్రాములు, నూరు గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములు, రెండు గ్లాసుల పాలలో సుమారు 13 గ్రాములు, గుప్పెడు కందిపప్పులోనో పెసరపప్పులోనో సుమారు 12 గ్రాములు లభించును. వరి కోసిన పొలములో మినుములు, పెసలు పండించుకొను మనకు, గిలకలదిండి రేవున దినదినము చేపలు దిగు మనకు ఇవి దొరకనివి కావు. మాంసాహారము ముట్టనివారు పాలు, పెరుగు, పప్పు, వేరుశెనగ హెచ్చించుకొనవచ్చును. నోరు పూసి మ్రింగలేనివారికి పలుచని పప్పుకట్టు, పాలలో కలిపిన జావ, మెత్తగా ఉడికిన గ్రుడ్డు కొద్దికొద్దిగా ఆరేడు మారులు పెట్టవలెను. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారు తమ వైద్యుని అడిగి ఈ కొలతలను మార్చుకొనవలెను. పథ్యము పేరిట పప్పు, పాలు, గ్రుడ్డు అన్నియు మాన్పించి రోగికి వట్టి చారన్నము పెట్టు ఆచారము మన ఇండ్లలో ఇంకను ఉన్నది. ప్రేమతో చేయు ఈ పని రోగి బలమును హరించుచున్నది.

తరువాత పసరు మందుల సంగతి. మొక్కలలో మందు లేదని మేము చెప్పము. మన పెరళ్లలో ఏడాది పొడుగునను పూయు బిళ్ళగన్నేరును చూడుడు. దాని ఆకు కషాయము మధుమేహమునకు మంచిదని పలు దేశములలో వాడుక కలదు. కెనడా దేశములో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు దానిని పరీక్షింపగా, మధుమేహము తగ్గలేదు గాని రక్తములోని తెల్లకణములు తగ్గుట కనిపించెను. దానిని పట్టుకొని పోగా 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అను మందు బయటపడినది. పిమ్మట విన్‌క్రిస్టిన్ వచ్చినది. నేటికిని రక్తపు క్యాన్సరుల చికిత్సలో వీనిని వాడుచున్నారు. అట్లయిన ఆకు నమలినచో చాలదా? చాలదు. క్వింటాళ్లకొలది ఎండుటాకునుండి ఒకటి రెండు గ్రాముల మందు మాత్రమే వచ్చును. ఆ మందు మిల్లీగ్రాముల లెక్కన, రక్తపరీక్ష చూచుకొనుచు, నరములోనికి ఎక్కించవలసినది. ఆకు నమలినవానికి గడ్డ తగ్గునంత మందు అందదు. విషము మాత్రము అందవచ్చును.

ఆకుమందు గదా, మేలు చేయకున్నను కీడు చేయదని తలచుట మరియొక పొరపాటు. లక్ష్మణఫలము ఆకు కషాయమును, పండును దీర్ఘకాలము విశేషముగా వాడిన కరీబియను దీవులవారిలో వణుకుడు జబ్బును పోలిన నరముల వ్యాధి హెచ్చుగా నున్నదని 1999లో వైద్యులు గుర్తించిరి. ఆ మొక్కలోని ఒక పదార్థము నరములకు విషమని తరువాతి పరిశోధనలు తెలిపినవి. మన ప్రాంతమున పాముకాటునకు వాడు ఈశ్వరి వేరు సంగతి ఇంకను ఘోరమైనది. ఆ జాతి మొక్కలలోని ఆమ్లము మూత్రపిండములను చెరచి, మూత్రనాళములలో క్యాన్సరునే పుట్టించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించినది. బెల్జియము దేశమున 1990 తరువాత లావు తగ్గుటకు మందులు మ్రింగిన స్త్రీలలో వందమందికి పైగా మూత్రపిండముల వ్యాధికి గురియైరి; ఆ మందులో ఈ జాతి మొక్క కలిసియుండెను. ఇక ఆప్రికాట్ గింజలనుండి తీసి "బి 17 విటమిను" అను దొంగపేరుతో అమ్మిన మందును అమెరికాలో 178 మంది రోగులకు ఇచ్చి చూచి, 1982లో ఫలితములు ప్రకటించిరి. ఒక్కరికైనను వ్యాధి నయము కాలేదు; కొందరి రక్తములో సయనైడు విషము ప్రమాదస్థాయికి చేరువైనది.

మంచి పదార్థమే అయినను తావు తప్పినచో చెరుపు చేయునని తెలుపు ఉదాహరణ మన తెలుగువాని చరిత్రలోనే కలదు. కొల్లేటికి ఆవల, భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు యువకుడుగా నున్నపుడు స్ప్రూ అను దారుణమైన గ్రహణి వ్యాధికి లోనై, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సచే కోలుకొనిరి. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించిరి. 1923లో అమెరికా వెడలిరి. ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయములో ఆకుకూరలలో నుండు ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. రక్తహీనతకు అది అమృతము వంటిది. బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు ఆ జాతి పదార్థములను రక్తపు క్యాన్సరుగల పిల్లలకు ఇచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మారుగా వేగముగా పెరిగెను! అపుడు ఆయన దానికి విరోధియైన మందును కోరెను. సుబ్బారావు గారి బృందము అమినాప్టెరిన్ అను మందును అందించినది. దానిని పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించిరి. ఆ గుణము తాత్కాలికమే అయినను, పిల్లల తీవ్ర రక్తపు క్యాన్సరు మందునకు లొంగుట ప్రపంచము మొదటిసారి చూచినది అపుడే. ఆ జాతికే చెందిన మిథోట్రెక్సేటు నేటికిని వాడుకలో ఉన్నది. సుబ్బారావు గారు దేశీయ వైద్యమును తూలనాడిన వారు కారు. ఆకుకూరలోని గుణమునైనను, దాని విరోధినైనను పరీక్షించి చూచినగాని నమ్మిన వారు కారు. మనము నేర్వవలసినది ఆ పద్ధతి.

పరీక్ష లేని నమ్మకమునకు చెల్లింపవలసిన వెల ఎంత? అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో దీనిని లెక్కించిరి. వ్యాధి దూరముగా ప్రాకక మునుపే బయటపడినను శస్త్రచికిత్స, కిరణ చికిత్స, మందులు వలదని ప్రత్యామ్నాయ వైద్యమునే ఆశ్రయించిన 281 మందిని, సామాన్య చికిత్స పొందిన వారితో పోల్చిరి. మొదటి వారికి మరణ ప్రమాదము రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సరు విషయమున అయిదు రెట్లకు పైగా ఉన్నట్లు తేలినది. అదే సంవత్సరము మరియొక పరిశీలనలో, రెండు విధముల వైద్యమును కలిపి వాడినవారు తమకు చెప్పిన చికిత్సలో ఏదో ఒక భాగమును మానివేయుట హెచ్చనియు, అందుచే వారికిని మరణ ప్రమాదము రెట్టింపైనదనియు వెల్లడియైనది. కషాయము త్రాగుట ఒకటే వారి ప్రాణము తీయలేదు. కషాయమును నమ్మి పోగొట్టుకొన్న కాలము తీసినది.

మన దేశములో 2024 నవంబరున ప్రసిద్ధ క్రికెట్ ఆటగాడు నవజ్యోత్ సింగ్ సిద్ధూ గారు తమ భార్యకు ముదిరిన క్యాన్సరు నయమగుటలో ఉపవాసము, నిమ్మరసము, పచ్చిపసుపు, వేపాకు మేలు చేసినవని ప్రకటించిరి. ఆ వార్త దేశమంతయు ప్రాకినది. ఆమె శస్త్రచికిత్సయు, కీమోథెరపీయు పొందిన సంగతి మాత్రము అంత వేగముగా ప్రాకలేదు. బొంబాయి టాటా మెమోరియల్ వైద్యశాలకు చెందిన పూర్వ, ప్రస్తుత వైద్యులు 262 మంది సంతకములు చేసి, ఇట్టి మాటలు నమ్మి చికిత్స ఆలస్యము చేయవలదని ప్రజలను హెచ్చరించిరి. కోలుకొన్నవారు చెప్పు కథను వినునపుడు, "ఆమె వైద్యశాలలో ఏ చికిత్స పొందినది?" అని ముందుగా అడుగుట మరువకుడు.

గుడివాడలో 1945లో స్థాపింపబడిన హోమియో వైద్య కళాశాల డాక్టరు గురురాజు గారి పేరిట ప్రభుత్వ కళాశాలగా నడచుచున్నది. హోమియో, ఆయుర్వేద వైద్యులయందు మీకు గల గౌరవమును తగ్గించుకొనుడని మేము కోరుట లేదు. కాని క్యాన్సరు గడ్డను ఈ మందులు కరగించునని తగిన పరీక్షలలో రుజువు కాలేదు. కావున ఏ వైద్యుని యొద్దకు పోయినను మూడు ప్రశ్నలు వేయుడు. ఇది ఏ వ్యాధియో ముక్క పరీక్ష చేయించితిమా? ఈ మందు వాడుచు క్యాన్సరు చికిత్సను మానవలెనని చెప్పుచున్నారా? ఇందులో ఏమున్నదో కాగితముపై వ్రాసి ఇత్తురా? చికిత్స మానుమన్నవాని గుమ్మము మరల తొక్కకుడు. క్యాన్సరును నయము చేయుదుమని ప్రకటనలు ఇచ్చుట 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టము క్రింద నేరమని గూడ తెలిసికొనుడు. ఇక కత్తి తగిలినచో పాకునను భయము. ముక్క పరీక్ష వ్యాధి పేరును తెలుపును. ఆ పేరు తెలియనిదే సరియైన మందు లేదు. వ్యాధి పాకుటకు సామాన్యముగా కారణము కత్తి కాదు, కత్తికి భయపడి జరుపు ఆలస్యము.

అట్లయిన ఆహార నియమమునకు తావే లేదా? గలదు, గొప్ప తావే గలదు. అది వ్యాధి రాకముందు. క్యాన్సరులలో మూడింట ఒకటికి తక్కువ గాకుండ నివారింపదగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మానవలసిన పస్తు అన్నమునకు కాదు, పొగాకునకు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా నోటి క్యాన్సరునకు మూలములు. పొగాకు లేకున్నను వక్క ఒక్కటే క్యాన్సరు కారకమని నిర్ధారణ అయినది. తాంబూలము పెండ్లినాటి ముచ్చటగా మిగిలిన చాలును. మద్యము మరియొక కారకము. స్థూలకాయము కనీసము 13 విధముల క్యాన్సరులకు దోహదము చేయును. కావున కూరలు, పప్పులు, పండ్లు హెచ్చించి, వేపుళ్లు, తీపి తగ్గించి, ఒడలు వంచి పని చేయుట మేలు. తుపాను వానలకు తడిసి బూజుపట్టిన వేరుశెనగ, మొక్కజొన్న తినరాదు, పశువులకును పెట్టరాదు. ఆ బూజులోని అఫ్లటాక్సిను కాలేయపు క్యాన్సరును కలిగించును. విటమిను మాత్రలను నమ్ముకొనవలదు. ఫిన్లాండులో 29 వేలమందికి పైగా పొగత్రాగు పురుషులపై జరిపిన పరిశోధనలో, క్యారెట్టులోని పదార్థమును మాత్రలుగా మ్రింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతము హెచ్చినదని 1994లో తేలినది. ఇక క్యాన్సరును నివారించు టీకాలు రెండు కలవు. శిశువునకు పుట్టగనే వేయు హెపటైటిస్ బి టీకా కాలేయమును, 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు వేయు హెచ్.పి.వి. టీకా గర్భాశయ ముఖద్వారమును కాపాడును.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఈ దివిసీమలో మరచినవారు లేరు. బందరు రేవున ప్రమాద సూచిక ఎగిరినచో నేడు మనము ఇంట కూర్చుండము; పిల్లలతో, పెద్దలతో తుపాను ఆశ్రయమునకు చేరుదుము. దేహము గూడ ఇట్టి సూచికలను ఎగురవేయును. మూడు వారములలో మానని నోటిపుండు, నోటిలో తెల్లని మచ్చ, రొమ్ములో గాని మెడలో గాని గడ్డ, బహిష్టు ఆగిన తరువాత రక్తస్రావము, మ్రింగుటకు కష్టము, మలములో రక్తము, మూడు వారములు దాటిన దగ్గు, కారణము లేక బరువు తగ్గుట — వీనిలో ఏది కనిపించినను ఆ వారముననే వైద్యునికి చూపవలెను. ఇవి అన్నియు క్యాన్సరే కానక్కరలేదు, అనేకములు కావు. కాని కాదని చెప్పవలసినది పరీక్ష, ప్రక్కింటివారు కాదు. రొమ్ము గడ్డకు తొలిదశలో నొప్పి ఉండక పోవుట సామాన్యము. నొప్పి లేదని ఊరకుండరాదు. అక్కలారా, చెల్లెండ్రారా! సిగ్గుచే దాచుకొనవలదు. 30 ఏండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయు జాతీయ కార్యక్రమము కలదు. మీ ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడుగుడు.

దూరమని, ఖర్చని వెనుదీయవలదు. మచిలీపట్నమున 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ వైద్యశాలలు, మంగళగిరిలోని ఎయిమ్స్ మనకు చేరువలోనివి. 2007లో ఆరోగ్యశ్రీ పేర ప్రారంభమై నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడచుచున్న పథకము క్రింద అర్హులైన కుటుంబములకు క్యాన్సరు శస్త్రచికిత్స, కిరణ చికిత్స, మందులు ఉచితముగా లభించును. పామర్రు సమీపమున నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారకరామారావు గారి సతీమణి బసవతారకము గారు 1985లో ఈ వ్యాధితోనే మరణించిరి. ఆమె పేరిట హైదరాబాదులో 2000 సంవత్సరమున క్యాన్సరు వైద్యశాల వెలసినది. మన సీమలోని ఒక ఇంటి దుఃఖము ఎందరికో ఆశ్రయమైనది.

వ్యాధి ముదిరి నయము కాదని తెలిసిన పిదప గూడ వైద్యునితో పని తీరలేదు. నొప్పి తగ్గించుటకు, నిద్ర పట్టించుటకు మందులు కలవు. అట్టి స్థితిలో ఉన్నవారిచే పస్తులు చేయించి, కోరిన ముద్ద పెట్టకుండుట పథ్యము కాదు; అది క్రూరత్వమగును. వారు కోరినది, మ్రింగగలిగినది ప్రేమతో పెట్టుడు. ఆ ఇంట దీపము పెట్టి ప్రార్థించుడు. ఉపవాసము ఉండదలచినచో ఆరోగ్యముగా నున్నవారు ఉండుడు.

సోదరులారా! పరీక్ష ముందు, పథ్యము తరువాత. కలుపును తీయు పనిని నేర్చినవారికి అప్పగించి, చేనికి నీరు పెట్టు పనిని మనము చేయుదము. ఈ మాట మీరు విని ఊరకుండక, నేటి రాత్రి భోజనాల వేళ ఇంటిల్లిపాదికిని చెప్పవలెననియు, మీ వీధిలో గడ్డనో పుండునో దాచుకొని పసరు కట్టుచున్నవారుండినచో వారిని వెంటబెట్టుకొని రేపే వైద్యశాలకు తీసికొనిపోవలెననియు కోరుచు, ఇంతటితో విరమించుచున్నాము.